పిల్లల మ్యూజియం పెట్టాలనుకుంటున్నాం: అప్పు చేసి భవనం కట్టాలా, ఉన్నదాంతో మొదలెట్టాలా?

గాలిపటం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. పిల్లల మ్యూజియంలో (పిల్లలు వస్తువుల్ని చేత్తో ముట్టుకుని, ఆడుకుంటూ నేర్చుకునే చోటు) పనిచేసినవాళ్లు గానీ, అలాంటి దానికి నిధులు సమకూర్చిన అనుభవం ఉన్నవాళ్లు గానీ ఇక్కడ ఉంటారన్న ఆశతో రాస్తున్నాను.

నేను ఒక లైబ్రరీలో పిల్లల విభాగం చూస్తాను. మా ప్రాంతం చాలా వేగంగా పెరుగుతోంది. ఎటు చూసినా కొత్త ఇళ్లు, కొత్త బడులు, చిన్నపిల్లలతో ఈమధ్యే వచ్చి చేరిన కుటుంబాలు. చాలామందికి పక్కింట్లో ఎవరుంటారో కూడా తెలియదు. సెలవు రోజున మా పిల్లల గదిలో అడుగు పెట్టే సందుండదు. పుస్తకాల కోసం వచ్చేవాళ్లు కొందరే. మిగతావాళ్లు పిల్లలకి చెయ్యడానికి ఏదో ఒకటి దొరుకుతుందని వస్తారు. ఒకసారి కిటికీ పక్కన బల్ల మీద భూతద్దం, కొన్ని ఎండుటాకులు, ఒక ఖాళీ తేనెపట్టు పెట్టాను. నాలుగేళ్ల పాప ఆ తేనెపట్టు గదుల్ని వేలితో ఒక్కొక్కటే తడుముతూ, వెనక నిలబడ్డ పిల్లాడితో "నువ్వూ పెట్టు, గుచ్చుకోదు" అంది. వాళ్లిద్దరి తల్లులకీ పరిచయం అయింది కూడా ఆ బల్ల దగ్గరే. రోజూ తెరిచి ఉండే అలాంటి చోటు ఒకటి మా వాళ్లకి కావాలి.

ఇప్పుడు కొంతమంది తల్లిదండ్రులం, టీచర్లం కమిటీగా ఏర్పడ్డాం. వాడకంలో లేని ఒక పాత గిడ్డంగిని మున్సిపాలిటీ నామమాత్రపు అద్దెకి లీజుకిస్తానంటోంది. రిపేర్లు మాత్రం మేమే చేయించుకోవాలి. ఇంకోవైపు ఒక దాత ముందుకొచ్చారు. ఆయన ఇస్తానన్నది చిన్న మొత్తం కాదు. కానీ కొత్త భవనమే కట్టాలి, దానికి వాళ్లమ్మగారి పేరు పెట్టాలి అంటున్నారు. తక్కువపడ్డది అప్పు తెచ్చి కట్టేద్దాం, తెరిచాక టికెట్ల మీద తీర్చేద్దాం అని కమిటీలో సగంమంది పట్టుబడుతున్నారు. ఆ మాట వింటేనే నాకు టెన్షన్‌గా ఉంది. కానీ ఎందుకు వద్దో గట్టిగా చెప్పడానికి నా దగ్గర సరుకు లేదు.

టికెట్ల డబ్బుతో ఇలాంటి చోటు నిజంగా నడుస్తుందా? తెరవకముందే చేతిలో ఎంత ఉండాలి? ఏం పెడితే పిల్లలు మళ్లీమళ్లీ వస్తారు?

నట్టుబోల్టు జవాబు:

గాలిపటం గారూ, మీ భయంలో అర్థం ఉంది. నేను ఒక పిల్లల మ్యూజియంలో వర్క్‌షాప్ చూసుకుంటాను. పగలు పిల్లలు అరగదీసినవాటిని సాయంత్రం తలుపులు మూశాక బాగుచేయడం నా పని. డబ్బు సంగతి తెలిసినవాళ్లు ఎలాగూ చెప్తారు, నేను వస్తువుల వైపు నుంచి మాట్లాడతాను.

నేను చూసినంతలో పిల్లలు అన్నిటికన్నా ఎక్కువసేపు ఉండేది నీళ్ల బల్ల దగ్గర. పారే నీళ్లు, దారికి అడ్డం పెట్టుకునే చిన్నచిన్న తలుపులు, పడవలు, బంతులు. మీటింగులో దాని బొమ్మ చూపిస్తే ఒక్కరు కూడా వద్దనరు. దాని కింద ఏముంటుందో ఆ బొమ్మలో ఉండదు. పంపు ఉంటుంది, ఫిల్టరు ఉంటుంది, నీళ్లలో క్లోరిన్ లాంటిది కొలిచి కలిపే ఏర్పాటు ఉంటుంది. ఆ నీళ్లు ఎలాగూ పిల్లల నోట్లోకి వెళ్తాయి కాబట్టి రోజూ పరీక్ష చెయ్యాలి, రద్దీ రోజున మళ్లీమళ్లీ చెయ్యాలి. చుట్టూ జారని నేల కావాలి, ఆ నేలకి వాటం ఉండాలి, చిందిన నీళ్లు పోవడానికి దారి ఉండాలి. తడవకుండా ఆప్రాన్లు, వాటిని ఆరేసుకోడానికి చోటు. గాల్లో చెమ్మ చేరి పక్కనున్న చెక్క సామాను ఉబ్బుతుంది. ఫిల్టరు విప్పితే జుట్టు, స్టిక్కర్లు, బొమ్మ కారు చక్రాలు వస్తాయి. వీటన్నిటికీ తోడు ఒక మనిషి ఎప్పుడూ అక్కడే ఉండాలి. ఇందులో తయారీ ఖర్చు ఒక్కసారే, మిగతాదంతా నెలనెలా.

అంతమాత్రాన నీళ్ల బల్ల వద్దని చెప్పడం లేదు. నా చేతిలో ఉంటే మొదట పెట్టేది అదే. ఒక పిల్లాడు తలుపు వేస్తాడు, నీళ్లు పైకి రావడం చూస్తాడు, తీస్తాడు, మళ్లీ వేస్తాడు. కాసేపటికి ముక్కూమొహం తెలియని పక్క పిల్లతో "నేను చెప్పినప్పుడు తియ్యి, సరేనా?" అంటాడు. ఆ పిల్ల సరేనంటుంది. ఇద్దరూ కలిసి వరద తెస్తారు. దీన్ని ఏ గోడ మీద రాసీ నేర్పలేం. కాబట్టి పెట్టండి, కానీ దాని రోజువారీ ఖర్చు కూడా అదే కాగితం మీద రాసి పెట్టండి.

మిగతా వస్తువులకీ ఇదే వర్తిస్తుంది. పిడి ఉంటే వేలాడతారు, కంత ఉంటే వేలు పెడతారు, అంచు ఉంటే ఎక్కుతారు. అది పిల్లల తప్పు కాదు, మనం ముందే చూసుకోవాల్సిన సంగతి. తిప్పే పిడికి ప్లాస్టిక్ ఇరుసు వేస్తే ఎక్కువ కాలం ఆగదు, స్టీలుది వెయ్యాలి. తొందరగా అరిగే భాగం ఏదైనా రెండు చేయించాలి. ఒకటి బయట తిరుగుతుంటే ఇంకోటి నా బల్ల మీద సిద్ధంగా ఉంటుంది. వస్తువు కొనేటప్పుడు "విప్పడానికి ఏ స్పానర్ కావాలి, ఈ భాగం విడిగా దొరుకుతుందా" అని అడగండి. జవాబు చెప్పలేనివాళ్ల దగ్గర కొనకండి. "పనిచేయడం లేదు" అన్న బోర్డులు రెండు మూడు కనిపిస్తే ఆ కుటుంబం మళ్లీ రాదు.

తెరల మీద ఎక్కువ పెట్టకండి. అవి ఇంట్లో ఉన్నాయి.

పాత చోటులో మొదలెట్టడం చిన్నతనం అనుకునేవాళ్లుంటే వాళ్లకి ఈ సంగతులు చెప్పండి. ప్రపంచంలో మొట్టమొదటి పిల్లల మ్యూజియం 1899లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక పాత ఇంట్లో మొదలైంది. బోస్టన్‌లోది 1913లో తెరిచారు, దాని వెనక ఉన్నది సైన్సు టీచర్లు. బ్రూక్లిన్ మ్యూజియం చూసొచ్చిన మేరీ స్టీవర్ట్ కేరీ అనే ఆవిడ అమెరికాలోనే ఇండియానాపొలిస్ నగరంలో 1925లో ఒకటి పెట్టించారు. అదీ మొదట్లో గుర్రపు బళ్లు పెట్టుకునే షెడ్డులోనే నడిచింది. ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద పిల్లల మ్యూజియం అదే. బోస్టన్‌కి 1962లో డైరెక్టరుగా వచ్చిన మైకేల్ స్పాక్ వస్తువుల్ని గాజు పెట్టెల్లోంచి బయటికి తెచ్చి పిల్లల చేతికిచ్చారు. ఆ మార్పుకి కొత్త భవనం అక్కర్లేకపోయింది.

పెద్దచూపు జవాబు:

నట్టుబోల్టు గారి మాటల్ని గౌరవిస్తూనే ఇంకో వైపు చెప్తాను. నేను ఒక ఆసుపత్రి భవనానికి విరాళాలు సేకరించిన బృందంలో పనిచేశాను. దాతలు కంటికి కనిపించేదానికి ఇస్తారు. "మూడేళ్ల కరెంటు బిల్లు కట్టండి" అని అడిగితే ఇచ్చేవాళ్లు బహు తక్కువ. నమూనా చూపించి, ఇదిగో ఈ గదికి మీ పేరు అంటే చెక్కు రాస్తారు. పైగా పెరుగుతున్న చోట స్థలం రేపటికి దొరకదు. ఇవాళ గిడ్డంగితో సరిపెట్టుకుంటే, పదేళ్ల తర్వాత పిల్లలు రెట్టింపయ్యి, చుట్టూ ఖాళీ స్థలం అన్నది లేకుండా పోతే ఏం చేస్తారు? ఇస్తానంటున్న దాతని వదులుకోకండి.

జమాఖర్చు జవాబు:

పెద్దచూపు గారు చెప్పిన రెండూ నిజమే, దాతల సంగతీ, స్థలం సంగతీ. అందుకే స్థలాన్ని ఇప్పుడే చేతిలో పెట్టుకోవడం మంచిది. అయితే స్థలం పట్టుకోవడం వేరు, అప్పు చేసి కట్టడం వేరు. నేను లాభాపేక్ష లేని సంస్థల పద్దులు ఆడిట్ చేస్తాను, వాటిలో మ్యూజియాలూ ఉన్నాయి.

మీ కమిటీకి అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలోని ప్లీజ్ టచ్ మ్యూజియం అనే పిల్లల మ్యూజియం చరిత్ర చెప్పండి. 1976లో వేరే మ్యూజియంలో కొద్దిపాటి చోటు తీసుకుని మొదలైంది. పిల్లలకి ప్రాణం. పెరిగి పెరిగి, 2008లో మెమోరియల్ హాల్ అనే చారిత్రక భవనంలోకి మారింది. 1876 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన పెద్ద కట్టడం అది. దాన్ని బాగుచేయించడానికి బాండ్ల మీద, అంటే వడ్డీతో తీరుస్తామని రాసిచ్చే పత్రాల మీద, అప్పు తెచ్చారు. వస్తాయనుకున్న విరాళాలు అనుకున్నంత రాలేదు, పైగా అది ఆర్థిక మాంద్యం వచ్చిన ఏడాది. 2015లో దాదాపు 6 కోట్ల డాలర్ల బాండ్ల అప్పుతో దివాలా రక్షణ (అప్పిచ్చినవాళ్లు మీద పడకుండా కోర్టు ఇచ్చే గడువు) కోరాల్సి వచ్చింది. జనం రాక కాదు, ఏటా లక్షల్లో వచ్చారు. రోజూ కళకళలాడుతూనే ఉంది. అయినా గేటు దగ్గర వచ్చే డబ్బు నడపడానికి పనికొస్తుందే గానీ అంత అప్పు మోయలేకపోయింది. అప్పిచ్చినవాళ్లతో ఒప్పందం కుదుర్చుకుని 2016లో అందులోంచి బయటపడింది, ఇప్పటికీ నడుస్తోంది. "టికెట్ల మీద తీర్చేద్దాం" అన్నవాళ్లకి ఇంతకన్నా సూటిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

టికెట్ల గురించి సూటిగా అడిగారు కాబట్టి: మామూలుగా టికెట్లు, సభ్యత్వాలు, పుట్టినరోజు పార్టీలు, హాలు అద్దె అన్నీ కలిపినా నడిపే ఖర్చు పూర్తిగా రాదు. మిగతాది ఏటా విరాళాలు, గ్రాంట్లతో పూడ్చుకోవాలి. ఇది ఆ సంస్థ సరిగా నడవకపోవడం వల్ల కాదు. ఇలాంటి చోట అసలు ఖర్చు మనుషులదే. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే సిబ్బందిని తగ్గిస్తే అది మ్యూజియం కాదు, ఎవరూ చూసుకోని ఆటస్థలం అవుతుంది. టికెట్ ధర పెంచితే ఎవరి కోసం పెట్టామో వాళ్లే రాలేరు. సెలవు రోజున గది నిండాక ఇంకొకర్ని పంపడానికి అగ్నిమాపక నిబంధనలు ఒప్పుకోవు, మామూలు రోజు మధ్యాహ్నం గది ఖాళీగా ఉంటుంది. కాబట్టి సెలవు రోజు రద్దీ చూసి ఏడాది మొత్తాన్ని గుణించకండి. మామూలు రోజుల పొద్దుటి వేళ బడి పిల్లల బృందాలతో, బడికి ఇంకా వెళ్లని చిన్నవాళ్లతో నింపే ప్లాన్ ముందే ఉండాలి.

ఇంకో సంగతి. తెరిచిన మొదటి ఏడాది జనం విరగబడి వస్తారు, తర్వాత తగ్గుతారు. కొత్త మోజు అంతే. మొదటి ఏడాది లెక్క మీద జీతాలు ఖాయం చేసుకున్న సంస్థలు మూడో ఏడాది మనుషుల్ని తీసేస్తాయి. మీ బడ్జెట్ మూడో ఏడాది జనంతో వెయ్యండి.

నిధులు సేకరించే లక్ష్యంలో భవనం, వస్తువులతో పాటు తెరవకముందు నెలల జీతాలు, మొదటి రెండేళ్ల లోటు, పాత వస్తువులు మార్చడానికి ఒక నిధి, వీలైతే వడ్డీ మాత్రమే వాడుకునే శాశ్వత నిధి, ఇవన్నీ ఒకే మొత్తంగా చూపించండి. పెద్దచూపు గారు చెప్పినట్టు కరెంటు బిల్లుకి విడిగా అడిగితే ఎవరూ ఇవ్వరు. అందుకే విడిగా అడగకూడదు. "మ్యూజియం తెరిచి, నిలబెట్టడానికి ఇంత" అని ఒకటే అంకె చెప్పాలి. బయటికి ప్రకటించేముందు పెద్ద దాతల్ని ఒక్కొక్కరినీ కలిసి కనీసం సగం సమకూర్చుకోండి. సున్నా దగ్గర మొదలుపెట్టి, ఎంత వసూలైందో చూపే బ్యానర్ కడితే, నెలల తరబడి ఆ అంకె కదలకపోవడం ఊరంతా చూస్తుంది. ఇస్తామన్న మాట వేరు, బ్యాంకులో పడ్డ డబ్బు వేరు. పెద్ద విరాళాలు సాధారణంగా మూడు నుంచి అయిదేళ్ల వాయిదాల్లో వస్తాయి, కాంట్రాక్టరు మాత్రం అప్పటిదాకా ఆగడు. ఏ నెలలో ఎంత వస్తుంది, ఎంత పోతుంది అనే పట్టిక లేకుండా ఒక్క సంతకం కూడా పెట్టకండి.

చిన్ని వాళ్లమ్మ జవాబు:

నిధుల గురించి నాకు తెలియదు, కానీ ఒక తల్లిగా అడుగుతున్నాను. మా పాపకి పెద్ద శబ్దాలంటే భయం, చెవులు మూసుకుని నేల మీద కూర్చుండిపోతుంది. మేము వెళ్లే మ్యూజియంలో నెలకోసారి పొద్దున్నే తక్కువమందితో, లైట్లు, శబ్దాలు తగ్గించి తెరుస్తారు. ఆ రోజుల్లో పాపతో పాటు నేనూ ఊపిరి పీల్చుకుంటాను. మెట్ల కింద ఒక చిన్న గుడారం, రెండు దిండ్లు పెట్టారు. అంతే, దానికి పెద్ద ఖర్చు కూడా అయి ఉండదు. పాప తనంతట తానే అందులోకి వెళ్లి, కుదుటపడి, తనే బయటికొస్తుంది. ప్లాన్ గీసేటప్పుడే అలాంటి మూల ఒకటి ఉంచండి. తర్వాత అయితే చోటు లేదంటారు. వీల్‌చైర్‌లో ఉన్న పిల్లలకి బల్ల కింద మోకాళ్లు పట్టాలి. అమ్మమ్మలు, తాతయ్యలు కూర్చోవడానికి కుర్చీలు, పిల్లలు కనపడే చోట, ఉండాలి.

డబ్బు లేని కుటుంబాల కోసం కూడా మొదటి రోజు నుంచే దారి చూడండి. అమెరికాలో 2014 నుంచి "మ్యూజియమ్స్ ఫర్ ఆల్" అనే పథకం ఉంది. ప్రభుత్వ ఆహార సాయం పొందే కుటుంబాలు ఆ కార్డు చూపిస్తే 3 డాలర్లకి మించకుండా లోపలికి పంపిస్తారు. వేరే క్యూ, వేరే ప్రశ్నలు ఉండవు. అలాంటి కార్డు చేతిలో పట్టుకుని నిలబడ్డవాళ్లకి ఆ "వేరే క్యూ లేకపోవడం" ఎంత ముఖ్యమో నాకు తెలుసు.

గాలిపటం:

అందరికీ మనస్ఫూర్తిగా థ్యాంక్స్. జమాఖర్చు గారి జవాబు ప్రింటు తీసి కమిటీలో చదివాను. అప్పు మాట ఎత్తినవాళ్లలో ఇద్దరు వెనక్కి తగ్గారు. చిన్ని వాళ్లమ్మ గారూ, గుడారం మూల ప్లాన్‌లో పెట్టించాను, దాన్ని ఎవర్నీ తీసెయ్యనివ్వను.

గిడ్డంగి తీసుకునేలోపు లైబ్రరీ హాల్లో నెలకో ఆదివారం కొన్ని వస్తువులతో నడిపి చూద్దామనుకుంటున్నాం. ఇంకా రెండు చిక్కులున్నాయి. కొత్త భవనం కావాలన్న దాతగారితో ఎలా మాట్లాడాలి? ఆయన మంచి మనిషి, నొప్పించడం ఇష్టం లేదు. లీజు మీద సంతకం పెట్టేముందు గిడ్డంగిలో ఏం చూసుకోవాలి?

జమాఖర్చు:

ముందు ఆయన్ని ఆ ఆదివారాల్లో ఒకసారి పిలవండి. వేదిక, దండ, ఉపన్యాసం ఏమీ వద్దు. ఒక కుర్చీ వేసి, పిల్లల మధ్య ఓ గంట కూర్చోనివ్వండి. తర్వాత అడగాల్సింది, "కొత్త గోడలు ముఖ్యమా, మీ అమ్మగారి పేరు ఎప్పటికీ నిలవడం ముఖ్యమా?" అని. ఆవిడ పేరుతో శాశ్వత నిధి పెడితే ఏటా దాని వడ్డీతో ఇంతమంది పిల్లలు ఉచితంగా వస్తారని లెక్కతో చూపించండి. గిడ్డంగి మొత్తానికీ ఆ పేరు పెట్టినా తప్పేం లేదు. ఏ మాటయినా కాగితం మీద ఉండాలి: పేరు ఎన్నేళ్లు, రేపు వేరే చోటికి మారితే పేరు ఏమవుతుంది, వాయిదా ఆగిపోతే ఏం చేస్తారు, లోపల ఏం పెట్టాలన్న నిర్ణయం ఎవరిది. చివరిది మాత్రం పూర్తిగా మ్యూజియం చేతిలోనే ఉండాలి. అన్నీ చెప్పాక కూడా ఆయన కొత్త భవనమే అంటే, మొత్తం ఖర్చూ, నడిపే నిధీ సమకూరేదాకా పునాది తియ్యం అని మర్యాదగా చెప్పండి. మంచి మనిషి అయితే అర్థం చేసుకుంటారు.

నట్టుబోల్టు:

గిడ్డంగి సంగతి నేను చెప్తాను. నిర్మాణ ఇంజనీరుని తీసుకెళ్లకుండా ఏదీ ఒప్పుకోకండి. పైకప్పు వర్షం పడుతున్నప్పుడు చూడండి, ఎండలో అన్ని కప్పులూ బాగానే ఉంటాయి. పాత కట్టడం కాబట్టి ఆస్‌బెస్టాస్, సీసం కలిసిన రంగులు ఉన్నాయేమో పరీక్ష చేయించండి, పిల్లల చోటు కాబట్టి ఇది మాత్రం వాయిదా వేయకూడదు. ఉంటే తీయించే ఖర్చు ఎవరిదో లీజులో రాయించండి. బయటికి పోయే దారులు ఎన్ని, అగ్నిమాపక శాఖ ఎంతమందిని లోపలికి అనుమతిస్తుంది అన్నది ముందే అడగండి, మీ ఆదాయం లెక్క ఆ అంకె మీదే ఆధారపడుతుంది. పిల్లలు వచ్చిపోయే తలుపు మాత్రం ఒకటే ఉండేలా, దాన్ని ఎప్పుడూ ఒక మనిషి చూసేలా ప్లాన్ చేసుకోవాలి. మిగతావి అలారం ఉన్న అత్యవసర దారులుగా ఉంటాయి. టాయిలెట్లు ఎన్ని పట్టే వీలుందో చూడండి, అనుకున్నదానికన్నా ఎక్కువే కావాలి. మొత్తం చోటులో సగానికి మించి ప్రదర్శనకి లెక్కెయ్యకండి. పసిపిల్లల్ని తోసుకొచ్చే బళ్లు, బ్యాగులు, స్టోరు, పార్టీ గది, వర్క్‌షాప్ మిగతా సగం తినేస్తాయి. వర్క్‌షాప్‌ని కమిటీలో ఎవరో ఒకరు "అనవసరం" అంటారు, ఒప్పుకోకండి.

ఆదివారాలు మొదలయ్యాక ఒక మనిషిని నోట్‌బుక్ ఇచ్చి పక్కన నిలబెట్టండి. ఏ బల్ల దగ్గర పిల్లలు ఎంతసేపున్నారు, పెద్దవాళ్లు వంగి చేతులు కలిపారా లేక ఫోన్ చూసుకున్నారా, ఏది ముందు విరిగింది, అన్నీ రాయాలి. తర్వాత దాతలకి చూపించడానికి మీ దగ్గర అంతకన్నా మంచి కాగితం ఉండదు. వస్తువులు ఎలా చెయ్యాలో తెలియకపోతే, శాన్ ఫ్రాన్సిస్కోలో 1969లో ఫ్రాంక్ ఆపెన్‌హైమర్ అనే భౌతిక శాస్త్రవేత్త మొదలుపెట్టిన ఎక్స్‌ప్లొరేటోరియం తమ ప్రదర్శనల తయారీ పద్ధతుల్ని ఎవరైనా చేసుకునేలా పుస్తకాలుగా అచ్చువేసింది. వాటితో మొదలెట్టండి, మంచి వడ్రంగి ఒకరుంటే చాలా వరకు మీరే చేసుకోగలరు.

గిడ్డంగి డ్రైనేజీ ప్లాన్ దొరికితే ఇక్కడ పెట్టండి. నేలకి వాటం ఎటుందో చూసి నీళ్ల బల్ల ఎక్కడ పెట్టాలో చెప్తాను.